వద్దన్న కస్టమర్‌కు ఏమని జవాబివ్వాలి?

మీరు రాసింది రెండుసార్లు చదివాను. హన్మకొండలో ఒక సూపర్ మార్కెట్ ఓనర్‌కు బిల్లింగ్ సాఫ్ట్‌వేర్, ప్రింటర్ అమ్మాలని నలభై రోజులు తిరిగారు. మూడు డెమోలు ఇచ్చారు. శనివారం రాత్రి ఆయన వాట్సాప్‌లో ‘వేరేవాళ్ల దగ్గర తీసుకున్నం, ఏమనుకోకండి’ అని ఒక్క లైను పెట్టారు. మీరు పెద్ద మెసేజ్ టైపు చేసి చెరిపేశారు. రెండు రోజులుగా ఏమీ పంపలేదు. ఇటు మేనేజర్ ‘వదలకు, ఇంకో ఐదు శాతం తగ్గిస్తామని చెప్పు’ అంటున్నాడు. ఇప్పుడు ఏం రాయాలన్నది మీ ప్రశ్న.

ముందు జవాబు చెప్పి, తర్వాత కారణాలు చెప్తాను. ఈ రోజే ఇది పంపండి:

‘నమస్తే సార్. మీ మెసేజ్ శనివారమే చూశాను, జవాబు లేటైంది, ఏమనుకోకండి. ఉన్నమాట చెప్పినందుకు థ్యాంక్స్. షాపు నడిచే టైంలో మూడుసార్లు కూర్చుని డెమో చూశారు, అది నాకు గుర్తుంటుంది. డెమో కోసం మీరిచ్చిన సరుకుల లిస్టు మా సిస్టంలోంచి తీసేశాను. డెమోకు పెట్టిన ప్రింటర్ బుధవారం పొద్దున వచ్చి తీసుకెళ్తాను, మీరు ఉండనక్కర్లేదు, కౌంటర్‌లో చెప్పి పెడితే చాలు. కొత్త సిస్టం మీకు మంచిగా నడవాలి.’

అంతే. ఇంకో లైను వద్దు. లిస్టు నిజంగా తీసేశాకే ‘తీసేశాను’ అని రాయండి. ఆ లిస్టులో ఆయన కొన్న రేట్లుంటాయి. అవి బయటకు పోతే పక్క షాపుకు ఎంత లాభమో ఆయనకు తెలుసు, మీకూ తెలుసు. వ్యాపారం కుదరలేదన్న రోజు ఆయన మనసులో మెదిలే మొదటి భయం అదే. ఆయన అడగకముందే దాన్ని తీర్చేయాలి.

నేను ఇరవై రెండేళ్లుగా తూకం మిషన్లు అమ్ముతున్నాను. కౌంటర్ మీద పెట్టుకునే చిన్న కాంటా నుంచి లారీలు ఎక్కే ధర్మకాంట దాకా. నర్సంపేట, పరకాల, జమ్మికుంట, హుజూరాబాద్, సుల్తానాబాద్, అటు మహబూబాబాద్. రైస్ మిల్లులు, జిన్నింగ్ మిల్లులు, ఎనుమాముల మార్కెట్ యార్డు చుట్టుపక్కల కోల్డ్ స్టోరేజీలు. విన్న ‘వద్దు’లకు లెక్క లేదు. అందుకే మీ బాధ నాకు కొత్త కాదు. నలభై రోజులు తిరిగిన మనిషికి ఒక్క లైను వస్తే గుండెలో కలుక్కుమంటుంది. దాన్ని తక్కువ చేసి మాట్లాడను.

కానీ ఆ ఒక్క లైను ఎంత అరుదైనదో మీరు గమనించాలి. మన దగ్గర ‘వద్దు’ అని ఎవరు చెప్తారు? ‘చూద్దాం తియ్’ అంటారు. ‘దసరా పోనీ’ అంటారు. ‘మా పెద్దోడు హైదరాబాద్ నుంచి వచ్చినంక చెప్తా’ అంటారు. ఆ పెద్దోడు మూడు నెలలైనా రాడు. మేడారం జాతర వచ్చిన ఏడాది ‘జాతర అయినంక కలువు’ అని డిసెంబరు నుంచే మొదలుపెడతారు. అవన్నీ వద్దు అని చెప్పడమే, కానీ మొహం మీద చెప్పడానికి మొహమాటం. ఆ మొహమాటం వెనక మంచితనమే ఉంటుంది, ఇంటికొచ్చిన మనిషిని ఉత్త చేతులతో పంపడం ఇష్టం లేకపోవడం. దానివల్ల మనకు పోయేది మాత్రం పెట్రోలు, రోజులు. నేను ఒక మిల్లుకు పద్నాలుగు సార్లు వెళ్లాను. పద్నాలుగో సారి గేటు దగ్గర హమాలీ చెప్పాడు, కొత్త కాంటా పోయిన నెలలోనే దిగిందని.

మీ ఓనర్ అలా చేయలేదు. తీసుకున్న వెంటనే చెప్పాడు, ‘ఏమనుకోకండి’ అని కూడా అన్నాడు. మీరు చెడ్డగా అనుకుంటారేమోనని ఆయనకు ఇబ్బందిగా ఉంది. రెండు రోజులుగా మీ మౌనం ఆ ఇబ్బందిని పెంచుతోంది. మీకు కోపం వచ్చిందనే ఆయన అనుకుంటూ ఉంటాడు. రేపు సుబేదారిలోనో పెళ్లి భోజనాల దగ్గరో ఎదురుపడితే తలతిప్పుకుంటాడు. ఒక్కసారి తలతిప్పుకున్న మనిషి మళ్లీ మన నంబరు కలపడు. అందుకే జవాబు అదే రోజు వెళ్లాలి, మహా అయితే మర్నాడు పొద్దున. మీకు ఇప్పటికే లేటైంది కాబట్టి మెసేజ్‌లో ఆ మాట పెట్టాను.

ఇప్పుడు నేను చేసిన తప్పు చెప్తాను. నా దగ్గర నేర్చుకునే పిల్లలకు మొదటి వారంలోనే ఇది చెప్తాను.

2011లో సుల్తానాబాద్ వైపు ఒక రైస్ మిల్లు. అరవై టన్నుల ధర్మకాంట కావాలన్నారు. స్థలం కొలిచాను, గుంట తీసి కట్టాలా, నేల మీదే ర్యాంపులు పెట్టి కట్టాలా అని రెండు డ్రాయింగులు ఇచ్చాను. రెండు నెలలు పట్టింది. ఒక సాయంత్రం ఓనర్ ఫోన్ చేసి, ‘మావోళ్లకు తెల్సిన కంపెనీ ఉన్నది, ఆడ్నే తీసుకున్నం, జర ఏమనుకోకు’ అన్నాడు. ఆ రోజు నేను మధ్యాహ్నం భోజనం కూడా చేయలేదు. ఆ కంపెనీ కాంటా కింద బరువును పట్టే సెన్సర్ల గురించి నోట్లోంచి వచ్చేసింది: ‘ఆ లోడ్ సెల్స్ వానాకాలం దాటవు సేటూ. ఆరు నెలల్లో మీరే నన్ను పిలుస్తరు.’ ఆయన ఏమీ అనలేదు. ‘సరే, చూద్దాం’ అని పెట్టేశాడు.

ఆ కాంటాకు నిజంగానే రెండో వానాకాలంలో రిపేరు వచ్చింది. లోడ్ సెల్స్ వైర్లన్నీ కలిసే జంక్షన్ బాక్సులోకి తేమ చేరితే అంకె నిలవదు, బండి కదలకుండా ఉన్నా పది కిలోలు పైకీ కిందికీ ఆడుతుంది. చేతిలో సామాను ఉంటే గంటలో సరిచేసే పని. నేను జమ్మికుంటలోనే ఉన్నాను, అక్కడికి ఎంత దూరం? ఆయన నన్ను పిలవలేదు. అమ్మిన కంపెనీ మనిషి వచ్చేదాకా నాలుగు రోజులు లారీలను పక్క మిల్లుకు పంపి తూకం వేయించాడు. ఎందుకు పిలవలేదో ఆలోచించండి. పిలిస్తే నా మాట నిజమైందని ఒప్పుకోవాలి. తన గుమస్తాల ముందు, తన కొడుకు ముందు నాతో ‘నేను ముందే చెప్పిన గదా’ అనిపించుకోవాలి. దానికన్నా నాలుగు రోజుల నష్టమే ఆయనకు తేలిక అనిపించింది. పాడవుతుందని నేను అన్నమాటే, పాడైన రోజున నా దారిని మూసేసింది.

అప్పటి నుంచి నాకు ఒక్కటే కొలత. నేను రాసే మాట చదివాక, రేపు ఆయనకు అవసరం పడితే చిన్నతనం లేకుండా నాకు ఫోన్ చేయగలడా? చేయగలడంటే ఆ మాట ఉంచుతాను. లేదంటే కొట్టేస్తాను. మీరు టైపు చేసి చెరిపేసిన పెద్ద మెసేజ్‌ను కూడా ఇలాగే చూడండి. ‘ఇంత టైం పెట్టాను కదా సార్’ అన్న మాట ఉండే ఉంటుంది. అది ఆయన మెడకు అప్పు కట్టడం. ‘వాళ్ల సర్వీసు ఎలా ఉంటుందో మీకే తెలుస్తుంది’ అన్నది ఉందా? అది శాపనార్థం. మంచి పని చేశారు, చెరిపేశారు.

ఇక మేనేజర్ చెప్పిన ఐదు శాతం సంగతి. ఇది మీరు ఆయన దగ్గర గట్టిగా మాట్లాడాల్సిన విషయం. వద్దన్న తర్వాత రేటు తగ్గిస్తే ఓనర్‌కు వచ్చే మొదటి ఆలోచన, ‘మరి ఇన్ని రోజులు ఆ ఐదు శాతం నా దగ్గర ఎందుకు గుంజుదామనుకున్నడు?’ అనే. అప్పటిదాకా మీరు చెప్పిన రేటంతా అబద్ధంలా కనిపిస్తుంది. పైగా ఆయన అవతలివాళ్లకు మాట ఇచ్చేశాడు, బహుశా అడ్వాన్సు కూడా ఇచ్చి ఉంటాడు. ఇచ్చిన మాట వెనక్కి తీసుకోమని అడిగేవాడిగా మిగలొద్దు. బేరం బతికి ఉన్నప్పుడు తగ్గించండి, తప్పు లేదు. నిర్ణయం చెప్పాక మాత్రం వద్దు. మేనేజర్‌తో కోపంగా కాకుండా ఇలా అనండి: ‘సార్, ఆయన కొనేశాడు. ఇప్పుడు తగ్గిస్తే ఈ రోడ్డు మీద ఉన్న పాత కస్టమర్లు నలుగురూ మాకూ తగ్గించమంటరు.’ ఈ లెక్క ఏ మేనేజర్‌కైనా అర్థమవుతుంది.

ఇంకో పని కూడా చాలామంది చేస్తారు. ఓనర్ వద్దంటే ఆయన తమ్ముడికి ఫోన్ చేస్తారు, నాన్నగారిని పట్టుకుంటారు, బావమరిదితో చెప్పిస్తారు. ఇంట్లో తగువు పెట్టి అమ్మిన మిషన్‌కు జీవితాంతం కంప్లయింట్లే. దాని జోలికి పోకండి.

కారణం అడగాలా వద్దా అన్నది నన్ను ఎక్కువ మంది అడిగే ప్రశ్న. అడగాలి. కానీ ఆ మెసేజ్‌లో కాదు, ‘ఎందుకు’ అన్న మాటతోనూ కాదు. ‘ఎందుకు తీసుకోలేదు’ అంటే సంజాయిషీ అడిగినట్టు ఉంటుంది. వెంటనే ‘రేటు ఎక్కువైంది’ అంటారు. రేటు అనేది అందరూ చెప్పే కారణం, మాట అక్కడితో తెగిపోతుంది కాబట్టి. అసలు సంగతి చాలాసార్లు వేరే ఉంటుంది. మీరు బుధవారం ప్రింటర్ తీసుకోవడానికి వెళ్తారు కదా, ఆయన ఉంటే, తీరిగ్గా కనిపిస్తే, నిలబడే ఒక్కమాట అడగండి: ‘సార్, వేరే షాపుకు వెళ్లినప్పుడు నేను ఏం మార్చుకుంటే బాగుంటుంది?’ ఇందులో ఆయన తన నిర్ణయాన్ని సమర్థించుకోవాల్సిన పని లేదు. మీకు సలహా ఇస్తున్నాడు, అంతే. సలహా ఇవ్వడం అందరికీ ఇష్టమే. చెప్తుంటే మధ్యలో అడ్డుపడకండి, ‘లేదు సార్, అది మా దాంట్లో కూడా ఉంది’ అనకండి. ఉన్నా సరే అనకండి. మీరు చూపించలేదు కాబట్టే ఆయనకు తెలియలేదు. అది మీరు నేర్చుకోవాల్సింది.

ఒకసారి ఎనుమాముల దగ్గర ఒక అడ్తి సేటు ఇలాగే చెప్పాడు. నా కాంటా బాగుందట, రేటు కూడా బాగుందట. కానీ మిర్చి సీజన్‌లో, ఫిబ్రవరి మార్చి నెలల్లో, తెల్లారేసరికి యార్డు నిండా బస్తాలుంటాయి. అప్పుడు కాంటా ఆగితే రైతులు ఊరుకోరు. ‘నీ కార్డు మీద ఒక్కటే నంబరున్నది. నువ్వు ఎత్తకుంటే నేను ఎవర్ని పిలవాలె?’ అన్నాడు. రెండు నెలలు నేను కచ్చితత్వం గురించి, స్టీలు మందం గురించి చెప్తూ వచ్చాను. ఆయన వెతుకుతున్నది రెండో ఫోన్ నంబరు. ఆ వారమే ఇంకో మెకానిక్‌ను పెట్టుకుని కార్డులు మళ్లీ అచ్చు వేయించాను. ఆ ‘వద్దు’ తర్వాత నేను చేసిన ఆ ఒక్క మార్పు వల్ల ఎంత వ్యాపారం వచ్చిందో నాకు తెలుసు. మీ విషయంలోనూ ఇలాంటిదే ఏదో ఉండొచ్చు. ఆదివారం సాయంత్రం రద్దీలో ప్రింటర్ ఆగితే ఎవరొస్తారు, స్కాన్ కాని సరుకుకు బిల్లు ఎలా కొట్టాలి, తూకం కాంటా నుంచి అంకె నేరుగా బిల్లులోకి వస్తుందా. సూపర్ మార్కెట్ వాళ్లకు నిద్ర పట్టనివ్వనివి ఇవే.

ఎదురుగా కూర్చోబెట్టి వద్దన్నప్పుడు ఎలా అని కూడా మీ ప్రశ్న చివర్లో ఒక వాక్యం రాశారు. అప్పుడు నోటికన్నా ఒళ్లే ముందు మాట్లాడుతుంది. వద్దు అని వినగానే మనవాళ్లు కాగితాలు గబగబా బ్యాగులో కుక్కేస్తారు, సగం తాగిన చాయ్ వదిలేసి లేస్తారు. అలా చేయకండి. చాయ్ పూర్తిగా తాగండి. ‘సరే సేటూ, మీకు ఏది మంచిదో మీకే తెలుస్తది’ అని రెండు నిమిషాలు ఈసారి పంట సంగతో, వానల సంగతో మాట్లాడి లేవండి. వచ్చేటప్పుడు గుమస్తాకు, గేటు దగ్గర మనిషికి చెప్పి రండి. ఇన్ని రోజులు మిమ్మల్ని లోపలికి పంపింది వాళ్లే.

కొన్నిసార్లు ఆ ‘వద్దు’కు మీతో ఏ సంబంధమూ ఉండదు. దీన్ని తెలుసుకోవాలంటే కస్టమర్ డబ్బు ఏ నెలలో ఎటు వెళ్తుందో తెలియాలి. రైస్ మిల్లునే తీసుకోండి. ప్రభుత్వం కొన్న వడ్లు మిల్లుకు వస్తాయి, క్వింటాలు వడ్లకు పచ్చి బియ్యమైతే 67 కిలోలు, ఉప్పుడు బియ్యమైతే 68 కిలోలు తిరిగి అప్పజెప్పాలి. ఆ గడువు మెడ మీద ఉన్నప్పుడు మిల్లు ఓనర్‌కు నా కాంటా ఎంత మంచిదైనా కనపడదు. నవంబరులో వద్దన్నవాళ్లే మార్చిలో, యాసంగి వడ్లు రాకముందు, తామే కబురు పెట్టారు. నేను చేసిందల్లా నవంబరులో వాళ్లను విసిగించకపోవడం.

మీ లైన్‌లో అలాంటి రోజు ఏప్రిల్ 1. ఆర్థిక సంవత్సరం మారుతుంది, బిల్లుల నంబర్లు కొత్త సిరీస్‌తో మొదలుపెట్టుకుంటారు. సాఫ్ట్‌వేర్ మార్చాలనుకున్న షాపు ఎక్కువగా అప్పుడే మారుస్తుంది. కాబట్టి ఈ ఓనర్‌ను ఫిబ్రవరి చివర్లో ఒక్కసారి పలకరించండి. అమ్మడానికి కాదు, ‘కొత్తది మంచిగ నడుస్తున్నదా సార్?’ అని. మంచిగా నడుస్తోంది అంటే సంతోషమని చెప్పి ఊరుకోండి. ఈ మధ్యలో రోజూ గుడ్ మార్నింగ్ పువ్వులు, పండగ ఫోటోలు పంపొద్దు. పది పంపితే పదకొండోది నిజంగా పనికొచ్చేదైనా తెరవరు. నేను నా పాత కస్టమర్లకూ, వద్దన్నవాళ్లకూ ఏడాదికి ఒక్క మెసేజే పంపుతాను. తూకం మిషన్లకు తూనికలు కొలతల శాఖ వాళ్ల ముద్ర ఏడాదికోసారి వేయించుకోవాలి. ఆ గడువు దగ్గరపడినప్పుడు ‘మీ కాంటా ముద్ర తేదీ చూసుకోండి’ అని. కాంటా ఎవరి దగ్గర కొన్నా ఆ మెసేజ్ వాళ్లకు పనికొస్తుంది.

‘ఇంక ఫోన్ చేయకండి’ అని ఎవరైనా అంటే అది వేరే సంగతి. ‘తప్పకుండా సార్, చేయను’ అని చెప్పి, ఆ నంబరును మీ లిస్టులోంచి తీసేయండి, ఆఫీసులో మిగతావాళ్లకూ చెప్పండి. మీరు మానేసి, పక్క టేబుల్ పిల్లవాడు మర్నాడు చేస్తే ఆ మాట పోయినట్టే. 1909కు ఫోన్ చేసి ప్రమోషన్ కాల్స్ ఆపించుకునే హక్కు వాళ్లకు ఉంది, కంప్లయింట్ ఇస్తే నంబరు కట్ అయ్యేదాకా పోవచ్చు. అయినా నంబరు పోతుందన్న భయంతో కాదు, ఆ మనిషి మాటకు విలువ ఇచ్చి ఆపాలి.

బంధువులు, దోస్తులు వద్దన్నప్పుడు ఇంకా జాగ్రత్త. అక్కడ మెసేజ్ కూడా వద్దు. వాళ్లింటికి తర్వాతిసారి మామూలుగా వెళ్లండి, మిషన్ ఊసు ఎత్తకండి. చాలు.

ఒక కోల్డ్ స్టోరేజీ సంగతి చెప్పి ఆపుతాను. 2017లో వాళ్లు కూడా వేరే కంపెనీ ధర్మకాంట తీసుకున్నారు. పైన రాసినలాంటి మాటే చెప్పి, నా డ్రాయింగు తెచ్చుకోవడానికి వెళ్లాను. అప్పటికే గుంట పని జరుగుతోంది. చూస్తే నీళ్లు బయటికి పోవాల్సిన వాలు లోపలివైపు, లోడ్ సెల్స్ కూర్చునే దిమ్మెల వైపు ఉంది. అలాగే కాంక్రీటు పోస్తే ప్రతి వానకూ నీళ్లు అక్కడే నిలుస్తాయి. మేస్త్రీని పిలిచి, దారం కట్టి, రెండించులు ఎటు దించాలో చూపించాను. అరగంట పట్టింది. ఓనర్ పైనుంచి చూస్తున్నాడు, ఏమీ అనలేదు. చాయ్ తెప్పించాడు. ఆ స్టోరేజీ వాళ్లు ఈ రోజుకూ నా దగ్గర ఒక్క మిషన్ కొనలేదు, వాళ్ల కాంటా బాగానే నడుస్తోంది. కానీ ఏడాదికి రెండుమూడు సార్లు ఆ ఓనర్ ఫోన్ చేస్తాడు. ‘అన్నా, అంకె జర అటిటు ఆడుతున్నది, ఏం జేయాలె?’ అంటాడు. ఫోన్‌లోనే చెప్తాను. ఆయనకు నాతో మాట్లాడటానికి చిన్నతనం లేదు. నాకు ఆ రోడ్డులో తలెత్తుకుని వెళ్లగలిగే గేటు ఒకటి ఎక్కువ ఉంది.

మెసేజ్ ఈ రోజు సాయంత్రం ఐదు లోపే పంపండి. తర్వాత షాపులో రద్దీ మొదలవుతుంది, రాత్రి గల్లా లెక్క చూసుకునే టైంలో ఎవరూ సరిగ్గా చదవరు. బుధవారం ప్రింటర్ తీసుకునేటప్పుడు దాని వైరు, అడాప్టర్ లెక్క చూసుకోండి, మిగిలిన కాగితం రోల్స్ ఉంటే వాళ్లకే ఇచ్చేసి రండి.